డబ్బా మీది మాట, డబ్బా లోపలి పూత: ‘బీపీఏ రహిత’ ఆహారంపై ఒక సమీక్ష

ఒకే కంపెనీ తయారుచేసిన ఉడికించిన చిక్కుడు గింజల డబ్బాలు రెండు నా ముందున్నాయి. ఒకటి పాత నిల్వలోది; దాని చీటీ మీద గింజల పేరు, ఉప్పు శాతం, గడువు తేదీ తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. రెండోది కొత్తది, దాని మీద ఆకుపచ్చ వలయంలో ‘బీపీఏ రహితం’ అని ముద్రించారు. బీపీఏ అంటే డబ్బాల లోపలి పూత తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ అనే రసాయనం. గింజలు అవే, డబ్బా కొలతా అదే. కొత్తదాన్ని ఎంచుకునేవారిలో చాలామంది ఆ వలయాన్ని చూసే ఎంచుకుంటారు. నేనూ అలాగే కొన్నాను. ఈ రెండింటినీ, వాటితోపాటు టమాటా, నూనెలో వేసిన చేప, అనాస ముక్కల డబ్బాలనూ, గాజు సీసాలో వచ్చే చిక్కుడు గింజలనూ, అట్టపెట్టెలో వచ్చే టమాటాలనూ రెండు నెలలు వాడి చూసిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. రుచి గురించి ఇందులో ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండదు. నేను పరీక్షకు పెట్టింది ఆ ఆకుపచ్చ వలయాన్ని: అది దేనికి హామీ పడుతోంది, దేని విషయంలో నోరు మెదపడం లేదు అన్నదాన్ని.

ముందుగా డబ్బాలను ఖాళీ చేసి, కడిగి, వెలుతురులో పెట్టి లోపలి గోడలను చూశాను. పాత డబ్బా లోపల లేత బంగారు రంగు మెరుపు ఉంది. కొత్తదాని లోపల పింగాణీని తలపించే తెల్లటి పూత ఉంది. చేప డబ్బాదీ బంగారు రంగే కానీ కాస్త ముదురు. అనాస డబ్బాలో మాత్రం పూతే లేదు. కరిగిన చోట మంచు పూలు పూసినట్టున్న తగరపు గోడ నేరుగా కనిపించింది. అయితే రంగును చూసి పూతను ఏ రసాయనంతో చేశారో చెప్పడం ఎవరి తరమూ కాదు. బంగారు రంగు, బీపీఏతో తయారయ్యే ఎపాక్సీ అనే రెజిన్ పూతకు అలవాటైనదే అయినా ఇతర పూతలూ ఆ రంగులో వస్తాయి, తెలుపన్నది అందులో కలిపిన వర్ణకం మాత్రమే. అందుకే 2016లో కొన్ని ప్రచార సంస్థలు అమెరికా, కెనడా దుకాణాలలో సుమారు 200 డబ్బాలను కొని పరీక్షించినప్పుడు కళ్లను నమ్ముకోలేదు. లోపలి పూతను పరారుణ కిరణాల పరీక్షకు పంపాయి. మూడింట రెండు వంతుల డబ్బాలలో బీపీఏతో చేసిన పూత తేలింది.

పూత లేకుండా డబ్బా ఆహారం దాదాపు సాధ్యం కాదన్న సంగతిని, దాన్ని తిట్టేవారు తరచుగా మరచిపోతారు. టమాటాలోని పులుపు ఉక్కు రేకును నెమ్మదిగా తినేస్తుంది. చేపలోనూ చిక్కుళ్లలోనూ ఉన్న మాంసకృత్తుల నుంచి వెలువడే గంధకం లోహంతో కలిసి నల్లటి మరకలు వేస్తుంది; వాటివల్ల హాని లేకపోయినా చూసినవారు ఆ డబ్బాను పారేయక మానరు. అనాస డబ్బాకు పూత వేయకపోవడం కూడా పిసినారితనం కాదు, తగరం కొద్దికొద్దిగా కరుగుతూ పండు రంగు మారకుండా కాపాడుతుంది. ఆ సౌకర్యానికీ హద్దుంది: యూరప్ నిబంధనల ప్రకారం డబ్బాలోని ఆహారంలో కిలోకు 200 మిల్లీగ్రాములకు మించి తగరం ఉండకూడదు. మూత తెరిచి గాలి తగలనిస్తే తగరం మరింత వేగంగా కరుగుతుంది కనుక మిగిలిన ముక్కలను వెంటనే వేరే గిన్నెలోకి మార్చడం తప్పదు. డబ్బా చరిత్రంతా ఇలా ఒక బెడదను వదిలించుకోబోయి మరొకదాన్ని తెచ్చుకున్న చరిత్రే. డబ్బా అతుకును మూయడానికి వాడిన సీసపు టంకం ఒకప్పటి పెద్ద బెడద. అమెరికా దాన్ని నిబంధనల ద్వారా పూర్తిగా నిషేధించింది 1995లో. చెట్ల బంక, ఎండితే గట్టిపడే నూనెలు కలిపి చేసే పాత పూతల స్థానంలోకి 1950వ దశకం నుంచి ఎపాక్సీ రెజిన్ వచ్చి స్థిరపడింది. లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, రేకు వంగితే తానూ వంగుతుంది, వేడికి పెచ్చులూడదు, ఆహారానికి వాసన అంటించదు. కొన్ని మైక్రాన్ల మందంలోనే ఇన్ని పనులు చేసే పదార్థం దొరికాక పరిశ్రమ మరో వైపు చూడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

చిక్కంతా ఆ ఎపాక్సీని దేనితో తయారు చేస్తారన్న దగ్గర ఉంది. బిస్ఫినాల్-ఎ, అంటే బీపీఏ, దానికి ముడిసరుకు. ఈ పదార్థాన్ని మొదట 1891లో రష్యా రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ డియానిన్ తయారుచేశారు. అది శరీరంలో ఈస్ట్రోజెన్ హార్మోన్‌లా పనిచేయగలదని 1936లోనే బ్రిటన్‌లో చార్లెస్ డాడ్స్, ఆయన సహచరుడు ప్రయోగాలతో చూపించారు. అంటే బీపీఏ ముడిసరుకుగా ఉన్న పూత డబ్బాలలోకి చేరేనాటికే దాని హార్మోన్ లక్షణం శాస్త్ర గ్రంథాలలో నమోదై ఉంది. పూత గట్టిపడేటప్పుడు బీపీఏ అణువులలో అత్యధిక భాగం ఒకదానితో ఒకటి బంధించుకుపోతాయి. బంధంలో పడకుండా మిగిలిన కొద్దిపాటి అణువులే ఆహారంలోకి ఊరుతాయి.

ఆ ఊరడం ఎప్పుడు జరుగుతుందన్నది కొనేవారు తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి. డబ్బాలో ఆహారం నింపి, మూత బిగించిన తరువాతే, డబ్బాతో సహా పీడనంతో కూడిన ఆవిరిలో దాదాపు 121 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తారు. ప్రాణాంతకమైన బొటులిజానికి కారణమయ్యే సూక్ష్మజీవి బీజాలను చంపడానికి అంత వేడి అవసరం. ఈ ఒక్క పనిలో డబ్బాకు ఎవరూ వంక పెట్టలేరు. అయితే బీజాలు చచ్చే ఆ నిమిషాలలోనే పూతలో మిగిలిన బీపీఏలో ఎక్కువ భాగం ఆహారంలోకి దిగిపోతుంది. ఆ తరువాత డబ్బా నెలల తరబడి అరలో ఉన్నా, సొట్ట పడినా పెరిగేది స్వల్పమేనని పరీక్షలు చూపించాయి. కాబట్టి నిన్న తయారైన డబ్బాను ఏరి తెచ్చుకున్నంత మాత్రాన, చల్లని చోట దాచుకున్నంత మాత్రాన ఈ విషయంలో ఒరిగేదేమీ లేదు. సొట్ట డబ్బాను వద్దనడానికి అతుకు విడిపోయి సూక్ష్మజీవులు చేరే ప్రమాదం చాలు, అది వేరే సంగతి. మనం చెల్లించి ఇంటికి తెచ్చుకునే నాటికి ఈ కథ కర్మాగారంలోనే ముగిసిపోయి ఉంటుంది.

అలా దిగినది మనిషి దాకా చేరుతుందా అన్న ప్రశ్నకు జవాబు వెతికిన అధ్యయనాలలో నాకు బాగా నచ్చింది హార్వర్డ్ పరిశోధకులు 2011లో ప్రచురించినది, ఎందుకంటే దాని నిర్మాణం ఎవరికైనా అర్థమయ్యేంత సూటిగా ఉంటుంది. 75 మంది స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. ఒక జట్టు ఐదు రోజుల పాటు రోజుకొకసారి డబ్బాలో వచ్చిన కూరగాయల సూపు తాగింది, మరో జట్టు తాజాగా వండిన సూపు తాగింది. రెండు రోజుల విరామం తరువాత జట్లు తారుమారయ్యాయి. తాజా సూపు తాగినప్పుడు మూత్రంలో బీపీఏ సగటున లీటరుకు 1.1 మైక్రోగ్రాములు ఉండగా, డబ్బా సూపు తాగినప్పుడు 20.8 మైక్రోగ్రాములకు చేరింది. వెయ్యి శాతానికి మించిన ఈ పెరుగుదలను చూసి అప్పట్లో గగ్గోలు పుట్టింది. శాతం పెద్దదే కానీ కొలత చిన్నదన్న మాటా అక్కడే చెప్పాలి: ఇవి మైక్రోగ్రాములు, పైగా కాలేయం బీపీఏను మార్చివేసి మూత్రం ద్వారా ఒక రోజులోపే చాలావరకు బయటికి పంపేస్తుంది.

ఒక రోజులో పోయేదానికి ఇంత చర్చ ఎందుకని అడిగేవారికి జవాబు కూడా అధ్యయనాలలోనే ఉంది. 2003-04లో అమెరికా ప్రభుత్వం జరిపిన ఆరోగ్య సర్వేలో ఆరేళ్లు దాటిన 2,517 మంది మూత్రాన్ని పరీక్షిస్తే 93 శాతం మందిలో బీపీఏ కనిపించింది. ఒక్క రోజులో తొలగిపోయే పదార్థం ఇంతమందిలో ఏ రోజు చూసినా కనిపిస్తోందంటే, అది రోజూ వచ్చి చేరుతోందన్నమాటే. ఎటునుంచి చేరుతోందో 2011 నాటి మరో చిన్న అధ్యయనం చెప్పింది: ఐదు కుటుంబాలకు చెందిన 20 మందికి మూడు రోజుల పాటు డబ్బాలకు, ప్లాస్టిక్ పొట్లాలకు దూరంగా వండిన ఆహారం పెడితే మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం తగ్గింది, పాత భోజనానికి తిరిగి వెళ్లగానే మళ్లీ పెరిగింది. 2016లో ప్రచురితమైన పెద్ద విశ్లేషణ ఒకటి ఏడువేలకు పైగా మంది వివరాలను పరిశీలించి, ముందు రోజు ఒక డబ్బా ఆహారం తిన్నవారిలో 24 శాతం, రెండు లేదా అంతకు మించి తిన్నవారిలో 54 శాతం ఎక్కువ బీపీఏ ఉన్నట్టు తేల్చింది. అందులోనే నా కొనుగోళ్లను మార్చిన సంగతి ఒకటుంది: అన్ని డబ్బాలూ ఒకటి కావు. సూపుతో ముడిపడిన పెరుగుదల అన్నింటికంటే ఎక్కువగా ఉండగా, కూరగాయలు, పండ్ల డబ్బాలు దానికి చాలా దిగువన ఉన్నాయి, పానీయాల డబ్బాలతో చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు.

ఇక ఎంత అయితే హాని అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి పెద్ద సంస్థలే తలో దారి పట్టాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో శరీర బరువు కిలో ఒక్కింటికి రోజుకు 4 మైక్రోగ్రాముల వరకు ఫరవాలేదని తాత్కాలికంగా చెప్పి, 2023 ఏప్రిల్‌లో దాన్ని 0.2 నానోగ్రాములకు (నానోగ్రాము మైక్రోగ్రాములో వెయ్యో వంతు), అంటే 20,000 రెట్లు తగ్గించింది. రోగనిరోధక కణాలలో ఒక రకం మీద ఎలుకలలో కనిపించిన ప్రభావం ఆ తగ్గింపుకు ఆధారం. అదే సమయంలో జర్మనీ ప్రమాద అంచనా సంస్థ ఆ లెక్కతో విభేదించి 200 నానోగ్రాములు సరిపోతుందన్నది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆహారంలో ప్రస్తుతమున్న మోతాదు సురక్షితమేనన్న మాట మీద చాలా ఏళ్లుగా నిలబడింది. 2012లో పసిపిల్లల పాలసీసాల నుంచి, 2013లో పసిపిల్లల పాలపొడి డబ్బాల పూతల నుంచి దాన్ని తొలగించినా, తయారీదారులు వాడకం ఎలాగూ మానేశారన్న కారణంతోనే తప్ప హాని జరుగుతుందని కాదు.

ఈ అంకెలను నా చిక్కుడు గింజలకు అన్వయించి చూసుకున్నాను. ఆహారంలో కిలోకు 10 మైక్రోగ్రాముల బీపీఏ ఉన్న డబ్బా ఒకటి ఉందనుకుందాం. అందులో 300 గ్రాములు తింటే లోపలికి వెళ్లేది 3 మైక్రోగ్రాములు, అంటే 3,000 నానోగ్రాములు. అరవై కిలోల మనిషికి యూరప్ కొత్త హద్దు ప్రకారం రోజుకు 12 నానోగ్రాములే చెల్లు. ఆ లెక్కన ఒక్క పూటలో హద్దుకు 250 రెట్లు తిన్నట్టు. జర్మనీ సంస్థ హద్దు ప్రకారం అదే మనిషికి 12,000 నానోగ్రాములు చెల్లు. ఆ లెక్కన హద్దులో నాలుగో వంతే తిన్నట్టు. ఒకే డబ్బా, ఒకే గరిటె. అందువల్ల డబ్బా ఆహారం విషమని ప్రకటించేవారినీ, ఏమీ కాదని కొట్టిపారేసేవారినీ నేను ఒకే దూరంలో ఉంచుతున్నాను. అయితే యూరప్ మాత్రం వాదం తేలేదాకా ఆగలేదు. 2024 డిసెంబరులో ఆహారాన్ని తాకే పూతలలో, ప్లాస్టిక్‌లలో బీపీఏను నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. అది 2025 జనవరి 20 నుంచి అమలులోకి వచ్చింది. మారడానికి చాలా వస్తువులకు 18 నెలలు, పండ్లు, కూరగాయలు, చేపల డబ్బాలకు 36 నెలలు గడువిచ్చింది. పులుపు, ఉప్పు, గంధకం కలిసి పూతను సతాయించే ఆహారాలకు ప్రత్యామ్నాయం దొరకడం ఎంత కష్టమో ఆ రెట్టింపు గడువే చెబుతోంది.

ఇప్పుడు ఆకుపచ్చ వలయం సంగతి. ‘బీపీఏ రహితం’ అంటే ఈ పూతలో బీపీఏ లేదని మాత్రమే అర్థం. ఏముందో చెప్పే బాధ్యతను ఆ మాట తలకెత్తుకోదు. బీపీఏ లేని డబ్బా పూత అక్రిలిక్ కావచ్చు, పాలియెస్టర్ కావచ్చు, వినైల్ కావచ్చు, పాతకాలపు చెట్ల బంక పూత కావచ్చు, బిస్ఫినాల్ కుటుంబానికే చెందినా ఈస్ట్రోజెన్ లక్షణం లేకుండా ఉండేట్టు ఎంచి పరీక్షించిన మరో పదార్థంతో చేసిన ఎపాక్సీ కావచ్చు. వీటిలో ఒక్కోదాని స్వభావం ఒక్కోటి, వాటి నుంచి ఆహారంలోకి ఊరేవీ వేరువేరు. బీపీఏ పేరు పాడయ్యాక, దాన్ని వాడుతూ వచ్చిన దుకాణాల రసీదు కాగితాలలోకి దాని బదులు చెల్లెలి వరస పదార్థమైన బిస్ఫినాల్-ఎస్‌ను తెచ్చిపెట్టారు; అదీ హార్మోన్‌లా ప్రవర్తించగలదని తరువాత తేలింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయిన ఆ అనుభవం ఉండగా, ‘ఫలానాది లేదు’ అన్న మాటతోనే తృప్తి పడమనడం నాకు రుచించలేదు.

అందుకని కంపెనీ వినియోగదారుల విభాగానికి ఉత్తరం రాసి, కొత్త డబ్బా పూత దేనితో చేశారని ఒకే ఒక ప్రశ్న అడిగాను. పది రోజులకు వచ్చిన జవాబు మర్యాదగా, నిడివిగా ఉంది. తమ ఉత్పత్తులు వర్తించే నిబంధనలన్నిటికీ లోబడి ఉన్నాయని, వినియోగదారుల ఆరోగ్యమే తమకు ముఖ్యమని రాసి, చివరన ‘లోపలి పూతలో బీపీఏను ఉద్దేశపూర్వకంగా కలపడం లేదు’ అన్నారు. పరిశ్రమలో ఇది స్థిరపడిన మాటే. కర్మాగారంలో పాత పూతల ఆనవాళ్లు ఎక్కడైనా అంటుకుని ఉండవచ్చు కనుక పూత తయారీదారులు ఇంతకంటే గట్టిగా మాట ఇవ్వరు, ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. నా అభ్యంతరం వేరు. ‘ఉద్దేశపూర్వకంగా కలపలేదు’ అన్న నిజాయితీ ఉత్తరంలో ఉంది, ‘రహితం’ అన్న ధీమా డబ్బా మీద ఉంది, నేను అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం రెండింటిలోనూ లేదు. రెండోసారి రాస్తే అది సరఫరాదారుల వ్యాపార రహస్యమని రెండు వాక్యాలలో తేల్చేశారు. పైన పటారం లోన లొటారం అనేంత అన్యాయం జరిగిందని అనను. కొత్త పూత పాతదానికంటే మేలుదే కావచ్చు. ఆ మేలును సరిచూసుకునే దారి కొనేవారికి ఇవ్వలేదన్నదే నా ఫిర్యాదు.

గాజు సీసా, అట్టపెట్టెల గురించి క్లుప్తంగా చెబుతాను. సీసా గాజు నుంచి ఆహారంలోకి ఊరేది దాదాపు ఏమీ ఉండదు కానీ, దాని మూత లోహమే, మూత లోపలా పూత ఉంటుంది, గాలి చొరకుండా అంచున మెత్తటి ప్లాస్టిక్ వలయం కూడా ఉంటుంది. నూనె పదార్థాలు ఆ వలయాన్ని తాకితే అందులోని మెత్తబరిచే రసాయనాలు నూనెలోకి దిగుతాయి. కాబట్టి ఉప్పునీటిలో ఉన్న గింజలకు సీసా మంచి ఎంపిక, నూనెలో ఊరిన పదార్థాలకు అంత కాదు. అట్టపెట్టె లోపలి పొర సాధారణంగా పాలిఎథిలీన్ లేదా పాలిప్రొపిలీన్. వాటి తయారీలో బిస్ఫినాల్ పాత్ర లేదు. టమాటా విషయంలో నేను పూర్తిగా అట్టపెట్టెకు మారిపోయాను, రుచిలో కూడా డబ్బా టమాటాకు అది తీసిపోలేదు. నూనెలోని చేపకు నాకు ప్రత్యామ్నాయం దొరకలేదు. ఎపాక్సీ పూతకు మూలమైన బీఏడీజీఈ అనే మరో పదార్థం 1990వ దశకంలో చేప డబ్బాలలోని నూనెలో ఎక్కువగా బయటపడి యూరప్ దానికి విడిగా హద్దులు పెట్టవలసి వచ్చిందని తెలుసు కనుక, వారానికి రెండుసార్లు తెరిచే ఆ డబ్బాను నెలకు రెండుసార్లకు తగ్గించుకున్నాను. సూపు డబ్బాలను కొనడం మానేశాను. అది వండుకోవడానికి పట్టే సమయం డబ్బా తెరిచి వేడిచేసే సమయానికి మించి మరో ఇరవై నిమిషాలు మాత్రమే. డబ్బాను నేరుగా పొయ్యి మీద పెట్టి వేడిచేసే అలవాటున్నవారు మాత్రం సూపు మానినా మానకపోయినా ఆ అలవాటు మానాలి.

కొత్త చిక్కుడు గింజల డబ్బాకు పదింటికి ఆరు మార్కులు వేస్తున్నాను. గింజలు చితకకుండా ఉడికాయి, ఉప్పు మితంగా ఉంది, నిల్వలో లోపం లేదు. ఇవి నాలుగు మార్కులు. బీపీఏను వదిలించుకున్నందుకు, గుడ్డికంటే మెల్ల మేలన్న లెక్కన, మరో రెండు. పాత డబ్బా దొరికినా ఇక కొనను. మిగతా నాలుగు మార్కులలో రెండింటిని ఈ కంపెనీ ఎప్పుడైనా సంపాదించుకోవచ్చు, దానికి కొత్త పరిశోధన ఏదీ అవసరం లేదు: ఉప్పు శాతం అచ్చువేసిన చోటే, దాని కింద, ‘లోపలి పూత’ అని రాసి పక్కన దాని పేరు వేస్తే చాలు.